తేలని పదకొండు ఇళ్లు

మా గల్లీలో ఇరవై రెండు ఇళ్లు. పోయిన ఏడాది వేసవి దాకా వాటిలో ఇరవై ఒక్క ఇళ్లకు ఫోను సిగ్నల్ లేదు. ఉన్న ఒక్క ఇల్లు నాది. అదైనా ఇంట్లో కాదు, మిద్దె మీద, ఈశాన్యం మూలన, నీళ్ల ట్యాంకుకూ పిట్టగోడకూ మధ్య నాలుగడుగుల జాగాలో. అక్కడ నిలబడితే మాట వినిపించేది. రెండడుగులు పక్కకు జరిగితే తెగిపోయేది.

గోదావరిఖని లాంటి ఊళ్లో సిగ్నల్ లేకపోవడమేమిటని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. మా గల్లీ పల్లంలో ఉంది. వెనక ఓపెన్‌కాస్టు గని మట్టి గుట్ట. బొగ్గు మీదున్న మట్టినంతా తవ్వి డంపర్లతో తెచ్చి పోయగా పోయగా పెరిగిన గుట్ట అది. నేను ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు దాని కొస మా ఎదురింటి రేకుల కప్పు కంటే తక్కువ ఎత్తులో కనబడేది. ఇప్పుడు చలికాలంలో నాలుగున్నరకే మా గల్లీకి ఎండ పోతుంది. సిగ్నల్ కూడా ఎండలాగే గుట్ట అవతల ఆగిపోతుందని మావాళ్లు అనేవారు.

ఆ నాలుగడుగుల జాగా వల్లనే నా ఇంటికి ఒక మనిషి రావడం మొదలైంది.

ఆమెది ఎదురిల్లు. నాకంటే ముప్పై ఒక్కేళ్లు చిన్నది. ఆమెకు ఒక్కతే కూతురు, గురుకులం హాస్టల్లో ఉండి చదువుతుంది. భర్తకు శ్రీరాంపూర్ వైపు గనికి బదిలీ అయింది. గోదావరి దాటి బైకు మీద గంట పైన ప్రయాణం. భూగర్భ గనిలోకి దిగే మనిషిని అగ్గిపెట్టె, బీడీ, ఫోను ఏవీ తీసుకుపోనివ్వరు. కాబట్టి దిగిన ఎనిమిది గంటలూ అతని సంగతి ఎవరికీ తెలియదు. పైకి వచ్చాక ఫోను చేతికి తీసుకుని మొదట చేసేది ఇంటికే. ఆమె ఇల్లు రేకుల ఇల్లు, మిద్దె లేదు.

మొదటిసారి ఆమె మా గేటు దగ్గర నిలబడి అడిగిన మాట నాకు గుర్తుంది.

“అవ్వా, జర మీ మిద్దె ఎక్కుతనే. ఆయన డ్యూటీ దిగిండో లేదో ఎర్కైతలేదు.”

“చెప్పులిడిసి ఎక్కు బిడ్డా, ఇప్పుడే ఊడ్చిన,” అన్నాను.

అది రెండు వేల ఇరవై మూడు, అక్టోబరు పదహారు, సోమవారం. ఆ తర్వాత రోజూ వచ్చింది. అతనిది మొదటి షిఫ్టు అయితే మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. రాత్రి షిఫ్టు వారం ఉదయం ఏడింటికి. రెండో షిఫ్టు వారం అతను గనిలోకి దిగబోయే ముందు, రెండున్నరకు. ఆదివారం సెలవు, ఆ రోజు రాదు. ఫోను మాట రెండు నిమిషాలకు మించేది కాదు. కానీ అది ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ముందే వచ్చి కూర్చునేది, వచ్చాక నెమ్మది కలిగి మరికాసేపు కూర్చునేది. ట్యాంకు నీడలో రెండు స్టూళ్లు వేశాను. ఫోను మోగగానే నేను లేచి మిద్దె అవతలి కొసకు పోయి ఆరేసిన బట్టలు సర్దేదాన్ని. భార్యాభర్తల మాటలు వినడం నాకు నచ్చదు. ఆమె “అయిపోయిందవ్వా, రా” అని పిలిచేది. మొత్తం కలిపి రోజుకు నలభై నిమిషాలు.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా ఆయన పోయిన పద్నాలుగు నెలలకు గనుల కంపెనీ అతని బదులు నాకు గని ల్యాంపు రూములో ఉద్యోగం ఇచ్చింది. ఇరవై ఆరేళ్ల నాలుగు నెలలు చేశాను. రోజుకు మూడు నాలుగు వందల మంది నా కిటికీ ముందు నిలబడి టోపీ దీపం తీసుకుని లోపలికి పోయేవారు, తిరిగి వచ్చి ఇచ్చేవారు. రిటైరయ్యాక నా ముందు నిలబడే మనిషి లేడు. పిల్లలు లేరు. పాలవాడు ప్యాకెట్ గేటుకు తగిలించి పోతాడు. కొన్ని రోజులు సాయంత్రం నోరు తెరిచి మాట్లాడితే గొంతు బొంగురుగా వచ్చేది, పొద్దుటి నుంచీ వాడలేదు కాబట్టి. ఆమె రావడం మొదలయ్యాక ఆ బొంగురు పోయింది.

పోయిన ఏడాది ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, పాలు తీసుకుని కొత్తిమీర కోసం గల్లీ మొదటికి నడిచాను. అక్కడి కరెంటు స్తంభానికి ఓపెన్‌కాస్టు వాళ్ల నోటీసులు అతికిస్తుంటారు. ఫలానా వేళకు పేలుళ్లు ఉంటాయి, సైరన్ మోగితే బయట తిరగవద్దు అని. పేలుళ్ల వేళ అందరికీ తెలుసు, ఇంట్లో గిన్నెలు చెబుతాయి. కాబట్టి ఆ స్తంభం మీది కాగితాన్ని మా గల్లీలో ఎవరూ చదవరు. ఆ రోజు కొత్త కాగితం ఉంది. అదీ పేలుళ్లదే అనుకుని అందరూ దాని ముందు నుంచి నడిచిపోతున్నారు.

నేను చదివాను. అది మునిసిపల్ ఆఫీసుది. గల్లీ మొదట్లోని ఖాళీ జాగాలో సెల్ టవర్ కట్టడానికి అనుమతి కోసం దరఖాస్తు వచ్చింది, చుట్టుపక్కల నివాసులకు అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా రాసి ఇవ్వాలి అని ఉంది. అతికించిన రోజును లెక్కలో పట్టుకుంటే గడువు ఇరవై ఐదుతో ముగుస్తుంది. పట్టుకోకపోతే ఇరవై ఆరు, ఆ రోజు శివరాత్రి, ఆఫీసు ఉండదు. ఏ లెక్కన చూసినా నాకు ఇరవై ఐదే ఆఖరి రోజు.

కొత్తిమీర తీసుకోకుండానే ఇంటికి వచ్చాను.

టవర్ వద్దనడానికి నా దగ్గర నాలుగు కారణాలు ఉన్నాయి, నాలుగూ నిజమే. జాగా అంచు నుంచి పక్కింటి గోడకు తొమ్మిది అడుగులు మాత్రమే ఉంది. అంగన్‌వాడీకి అరవై రెండు అడుగులు. టవర్‌కు డీజిల్ జెనరేటర్ పెడితే ఆ చప్పుడు మా ఇరుకు గల్లీలో బయటికి పోయే దారి లేదు. అన్నిటికంటే పెద్దది, ఆ జాగా పూడ్చిన నేల. రోజూ పేలుళ్లకు ఇళ్ల గోడలే పగుళ్లు పడుతున్న చోట అంత ఎత్తు ఇనుము నిలబెట్టే ముందు నేలను పరీక్షించాలి. ఈ దూరాలన్నీ టేపు పెట్టి కొలిచాను. రెండో కొస పట్టుకునేవాళ్లు లేక ఒక కొసను ఇటుక కింద పెట్టి కొలిచాను.

ఐదో కారణం కాగితం మీద రాయలేదు. టవర్ వస్తే ఆమెకు ఇంట్లోనే సిగ్నల్ వస్తుంది. ఇక మా మెట్లెక్కే పని ఉండదు.

జాగా ఓనరు రిటైరైన పంపు ఆపరేటరు. నాకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన మనిషి, నేను దీపం ఇవ్వగా దిగినవాడే. నేను సంతకాల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నానని తెలిసి రెండో రోజే గేటు దగ్గరికి వచ్చాడు.

“ఏందక్కా, ల్యాంపు రూముల మమ్ములను ఆపినట్టు ఇప్పుడు నా టవర్‌ను గూడ ఆపుతవా?”

“నేను ఎవ్వర్నీ ఉత్తగ ఆపలే తమ్మీ. బ్యాటరీ చార్జింగ్ లేని దీపం పట్టుకపోతానంటే ఆపిన.”

“నీకేం పోతది చెప్పు. ఆ జాగ అమ్ముదమని తొమ్మిదేండ్ల సంది తిరుగుతున్న. గుట్ట చూసి ఒక్కడు కొంటలేడు. ఇల్లు కడ్దమంటే గోడ నిలువది. ఇన్నేండ్లకు టవరోళ్లు ఒక్కరే అడిగిండ్రు.”

“గోడ నిలువని జాగల టవర్ ఎట్ల నిలుస్తది?”

అతను నవ్వాడు. “నీ తోటి మాట్లాడుడు తప్పు,” అని పోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. తొమ్మిదేళ్లు అమ్ముడుపోని జాగా అంటే ఏమిటో నాకు తెలుసు.

కొందరు సంతకం పెడుతూ కొత్త కారణాలు రాయమన్నారు. పిచ్చుకలు చస్తాయట, కాన్సర్ వస్తుందట. “మీరు చూసిండ్రా?” అని అడిగాను. “అంటున్నరు గద అవ్వా” అన్నారు. అంటున్నవి నేను రాయలేదు. టేపుకు దొరికినవే రాశాను. అందుకు ఒకాయన సంతకం పెట్టకుండానే లోపలికి పోయాడు.

పదమూడు రోజులు తిరిగాక నాతో కలిపి తొమ్మిది ఇళ్లు వద్దన్నాయి. రెండు ఇళ్లు కావాలన్నాయి, ఒకటి జాగా ఓనరుది, ఒకటి అతని తమ్ముడిది. మిగతా పదకొండు ఇళ్లలో అవునని గానీ కాదని గానీ అనలేదు. “చూద్దాం తియ్యవ్వా.” “మా ఆయన డ్యూటీకి పోయిండు, అచ్చినంక చెప్త.” “అందరు పెడితె నేనూ పెడుత.” ఇలాంటివి.

ఎదురింటామె ఆ పదకొండులో ఒకతె. ఆమె దగ్గరికి మొదటే పోవలసింది, ఆఖరున పోయాను. మిద్దె మీద రోజూ కలుస్తూ కూడా కాగితం మాట ఎత్తలేదు. పదమూడో రోజున వాళ్ల ఇంటికే పోయాను. వాకిట్లో నిలబడి కాగితం ఇచ్చాను. ఆమె నాలుగు కారణాలూ చదివింది, వేలు పెట్టి వరుస వెంట చదివింది.

“అవ్వా, టవర్ పడితె మా ఇంట్లనే ఫోన్ పలుకుతదా?”

“పలుకుతది,” అన్నాను. అబద్ధం చెప్పే అలవాటు లేదు.

ఆమె కాగితం వైపు, నా వైపు చూసింది. “పొయ్యి మీద పప్పు ఉందవ్వా,” అని లోపలికి పోయింది. నేను కాసేపు నిలబడ్డాను. పప్పు మాడిన వాసన గానీ ఉడికిన వాసన గానీ రాలేదు. ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు ల్యాంపు రూము పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే నా పొరపాటు అక్కడి నుంచే వచ్చింది. ప్రతి కార్మికుడికీ నంబరున్న ఇత్తడి టోకెన్ ఉండేది. దిగేటప్పుడు టోకెన్ మాకు ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఎక్కాక దీపం ఇచ్చి టోకెన్ తీసుకుంటాడు. షిఫ్టు ముగిసే సరికి బోర్డు మీద ఒక్క టోకెన్ మిగిలినా ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అతను వచ్చి ఉంటాడులే అని ఎవరూ అనుకోకూడదు. అతని జాడ తేలేదాకా రిజిస్టరు మూయకూడదు.

ఒకసారి అలా ఒక టోకెన్ మిగిలింది. గంట చూశాం. మేనేజరుకు చెప్పాం. వెతకడానికి నలుగురు దీపాలు పట్టుకుని మళ్లీ దిగడానికి సిద్ధమయ్యారు. అప్పుడు కల్లు దుకాణం నుంచి ఒకాయన సైకిలు మీద వచ్చి, “మేడం, మీ దీపం ఒకటి కల్లు తాగుతున్నది” అన్నాడు. ఆ మనిషి నడుముకు బ్యాటరీ, తలకు దీపం అలాగే పెట్టుకుని గని నుంచి నేరుగా పోయి కూర్చున్నాడట. అందరూ నవ్వారు. నేను మాత్రం అతను వచ్చి దీపం నా చేతికి ఇచ్చేదాకా రిజిస్టరు మూయలేదు.

ఇరవై ఆరేళ్లు అలా పనిచేసిన దాన్ని కాబట్టి ఆ పదకొండు ఇళ్లను కూడా దాచలేదు. తెల్ల కాగితం మీద గల్లీ పటం గీసి, ప్రతి ఇంటికీ దూరం రాసి, పక్కన పట్టిక వేశాను. వద్దన్నవి తొమ్మిది. కావాలన్నవి రెండు. ఇంకా తేలనివి పదకొండు. తేలనివి ఉన్నంతకాలం మునిసిపల్ ఆఫీసువాళ్లూ లెక్క మూయరని నమ్మాను. ఫిబ్రవరి ఇరవై ఐదు మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను.

మార్చి పన్నెండున పిలిచారు. టౌన్ ప్లానింగ్ గదిలో అధికారి కుర్రవాడే, మర్యాద తెలిసినవాడు. కూర్చోమని ఫ్యాను నా వైపు తిప్పాడు. జాగా ఓనరు అప్పటికే వచ్చి ఉన్నాడు. అధికారి నా పటం విప్పి బల్ల మీద పరిచాడు.

“ఎవరు గీశారమ్మా? మా సర్వేయరు కూడా ఇంత శుభ్రంగా గీయడు.”

“నేనే సార్.”

“ఇరవై రెండు ఇళ్లలో అభ్యంతరం తొమ్మిది. పదమూడు ఇళ్లకు అభ్యంతరం లేదు. అంతేకదా?”

“కాదు సార్. రెండు ఇండ్లు ఒప్పుకున్నయి. పదకొండు తేలలే. పక్కన రాసిన చూడండి.”

“తేలలేదంటే?”

“అవునన్లే, కాదన్లే.”

“కాదనలేదు కదమ్మా. గడువు అయిపోయింది. కాదనకపోతే మాకు అభ్యంతరం లేనట్టే.”

“గట్లెట్ల సార్? మనిషి పైకి రాకుంటే అచ్చినట్టు రాసుకుంటరా?”

అతనికి అర్థం కాలేదు. జాగా ఓనరుకు అర్థమైంది. “సార్, అక్క ల్యాంపు రూముల జేసింది. టోకెన్ మిగిలితె మనిషి కిందనే ఉన్నట్టు వాళ్ల లెక్క,” అని చెప్పాడు. ఎగతాళిగా చెప్పలేదు, నా తరఫున దుబాసీలా చెప్పాడు. అధికారి తల ఊపాడు.

“మంచి పద్ధతే. కానీ మా ఫారంలో తేలనివి అనే గడి లేదమ్మా. అభ్యంతరం ఉంది, లేదు, రెండే గడులు.” తర్వాత కాస్త తగ్గి అన్నాడు, “నిజానికి మా మనిషి వచ్చి ఇల్లిల్లూ అడగాలి. మీ పట్టికలో అన్నీ ఉన్నాయి కాబట్టి దాన్నే జతచేస్తున్నాం. నేల పరీక్ష మాత్రం షరతుగా పెడతాను. అది మీరు బాగా పట్టుకున్నారు.”

నేను తొమ్మిది సంతకాలు మాత్రమే ఇచ్చి ఊరుకుంటే వాళ్ల మనిషి గల్లీకి వచ్చేవాడు. పదకొండు ఇళ్ల ముందు నిలబడి అడిగేవాడు. ఏం చెప్పేవారో తెలియదు గానీ, అడిగేవాడు. ఆ పని తప్పించింది నేనే. మెట్లు దిగుతుంటే జాగా ఓనరు నా పక్కన నడిచాడు.

“ఆటో పిలువాల్నా అక్కా?”

“నడుస్త తమ్మీ.”

మార్చి ఇరవై ఎనిమిది శుక్రవారం అనుమతి ఇచ్చినట్టు నాకు నకలు వచ్చింది. ఆ వారం ఆమె భర్తది మొదటి షిఫ్టు. మూడింటికి వచ్చింది. స్టూలు మీద కూర్చున్నాక కాగితం చూపించాను. చదివి మడిచి నాకే ఇచ్చింది.

“నాకెర్కనే అవ్వా,” అంది.

“ఏమెర్క?”

“జెనరేటర్ లొల్లి గాదు, గోడలు గాదు. నేను రానని గద నీ ఫికరు.”

నేను కాగితానికి ఇంకో మడత వేశాను. వెనక గుట్ట మీద డంపర్లు ఎక్కుతున్న చప్పుడు.

“నీ మొకం జూసి సంతకం పెడ్దమనుకున్న. ఆయన మొకం జూసి పెట్టలే. మొన్న చలికాలంల గని లోపల పైకప్పు కూలిందని ఎవలో అంటె నేనెట్ల ఉరికచ్చిన్నో నీకు తెల్వది. నీ గేటుకు తాళం. కూరగాయలకు పోయినవు. ఆ అర్ధగంట నేనెట్ల బతికిన్నో నాకెర్క. ఉత్త మాటనే అది. అయినా గానీ.”

ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. ఆమె చెప్పలేదు. నేను తాళం వేసి పోయిన రోజు నాకు గుర్తుంది, ఎందుకు పోయానో గుర్తుంది. ఆమె గేటు దగ్గర నిలబడిందని తెలియదు.

“వద్దని చెప్పుడు చాతగాలే, కావాలని చెప్పుడు చాతగాలే,” అంది. “నువ్వు ఇంకోసారి అడుగుతవేమో అని చూసిన.”

“అడిగితె?”

“ఏమో. పెడుదునేమో.”

ఫోను మోగింది. నేను లేచి అవతలి కొసకు పోయాను. ఆ రోజు ఆరేసిన బట్టలు లేవు. ఉత్త తాడు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు తెలిసింది, నేను నా పద్ధతిలో సగమే పాటించానని. టోకెన్ మిగిలితే రిజిస్టరు మూయకపోవడం ఒక సగం. మనిషిని పంపి, ఒకసారి కాకపోతే పదిసార్లు వెతికించడం రెండో సగం. ఆ పదకొండు ఇళ్లకు నేను రెండోసారి పోలేదు. తేలలేదని రాసి గర్వపడ్డాను. ఆమె గుమ్మానికి మళ్లీ పోకపోవడానికి మాత్రం కారణం వేరు. ఆమె కావాలి అంటుందేమోనని భయపడ్డాను. తేలకుండా ఉంటేనే నాకు నయమనిపించింది. అలాంటి ల్యాంపు రూము మనిషిని నేనైతే ఉద్యోగంలో ఉంచేదాన్ని కాదు.

“ఫోన్ లేకుంటె మాత్రం రానా అవ్వా? అస్తనే గద,” అని ఆమె ఫోను అయ్యాక దిగిపోయింది. ఆ మాట ఆమె నిజంగానే అంది.

నేల పరీక్ష చేశారు. పునాది అనుకున్నదాని కంటే లోతు తవ్వించారు. ఏప్రిల్ అంతా ఇనుప ముక్కలు వచ్చాయి. జూన్ తొమ్మిది సోమవారం టవర్ పనిచేయడం మొదలుపెట్టింది. చప్పుడు నేను భయపడినంత లేదు. జెనరేటర్ కరెంటు పోయినప్పుడే తిరుగుతుంది. ఆ సాయంత్రం గల్లీ అంతా వాకిళ్లలో నిలబడి ఎవరెవరికో ఫోన్లు చేసుకున్నారు. నాతోపాటు సంతకం పెట్టిన మిగతా ఎనిమిది ఇళ్లవాళ్లు కూడా చేసుకున్నారు. నేనూ చూశాను, నా ఫోనులో నిండా గీతలు ఉన్నాయి. చేయాల్సిన నంబరు గుర్తుకు రాలేదు.

ఆ వారం ఆమె నాలుగు రోజులు మిద్దె మీదికి వచ్చింది. ఫోను ఇంట్లోనే మాట్లాడి, తర్వాత వచ్చింది. రెండో వారం రెండు రోజులు. జులైలో ఒక్కసారి, బోనాల పెరుగన్నం ఇవ్వడానికి, గేటు దాకా. దీనిలో ఆమె తప్పు లేదు. ఎదురుచూసే పని ఉన్నప్పుడు మనిషి కూర్చుంటుంది. ఆ పని పోయాక ఇంట్లో నూరు పనులు ఉంటాయి. ఫోను మాత్రం చేస్తుంది. “అవ్వా, తిన్నవా? గోలీలు ఏసుకున్నవా?” అని అడుగుతుంది. ఎదురుగా వాళ్ల కిటికీలో ఆమె చెయ్యి కదలడం నాకు కనబడుతుంది. మాట ముందు చెవిలో వినబడి, తర్వాత సన్నగా గల్లీలోంచి కూడా వినబడుతుంది. నిమిషం లోపే అయిపోతుంది.

ఈ ఏప్రిల్‌లో, మొన్న మంగళవారం, నేనే పోదామనుకున్నాను. ఇన్నేళ్లలో వాళ్ల ఇంటికి పని లేకుండా పోలేదు. పండుగకు గిన్నె పట్టుకుని పోయాను, సంతకానికి కాగితం పట్టుకుని పోయాను. ఉత్త చేతులతో పోవడం అదే మొదలు. అతనిది మొదటి షిఫ్టు వారం. మూడు గంటల ఐదు నిమిషాలకు గేటు తీశాను.

ఆమె తలుపు తీసి నన్ను చూసి కంగారుపడింది.

“ఏమైందవ్వా? పానం బాగలేదా?”

“ఏం లేదు బిడ్డా. ఉత్తగనే అచ్చిన.”

“ఉత్తగనేనా? ఇంత ఎండల?”

లోపల మంచం మీద కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చింది. కింద చింతపండు పరిచి ఉంది, గింజలు తీస్తోంది. నేనూ ఒక గుప్పెడు తీసుకున్నాను. అంతలో ఫోను మోగింది. లేచి పోవడానికి అవతలి కొస లేదు, ఒకటే గది. ఆమె చింతపండు చేతులతోనే ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని మాట్లాడింది.

“ఎక్కినవా? ఆఁ. ఎందుకు లేటైంది? నీళ్లు తాగు ముందుగాల. ఎండ ఉంది, మెల్లగ రా. ఆఁ, ఎదురింటి అవ్వ అచ్చింది. లేదు, ఏం గాలే. ఉత్తగనే అట.”

అంతే. ఇరవై నెలలు నేను మర్యాదగా దూరం పోయి వినకుండా ఉన్న మాటలు ఇవే కాబోలు. ఫోను పెట్టేసి ఆమె బియ్యం కడగడానికి లేచింది. “నువ్వు కూసో అవ్వా,” అంది. అతను వచ్చేలోగా అన్నం కావాలి, పంపు నీళ్లు వచ్చేలోగా గిన్నెలు ఖాళీ కావాలి. ఆమె గదిలో ఇటు నుంచి అటు తిరుగుతూ నా కాళ్లకు తగలకుండా పక్కనుంచి పోతోంది. మిద్దె మీద మేమిద్దరం ఏం మాట్లాడుకునేవాళ్లమో ఒక్కటి గుర్తుకు రాలేదు. ఎవరైనా వస్తే ఎలా కూర్చోబెట్టాలో నాకు తెలుసు. ఒకరి ఇంటికి పోయి ఎలా కూర్చోవాలో తెలియదు. పదకొండు నిమిషాలకు లేచాను.

ఆమె గుమ్మం దాకా వచ్చింది. నా తల మీద కొంగు సర్దింది.

“ఏదన్న ఉంటె ఫోన్ చెయ్యరాదె అవ్వా. ఇంత ఎండల నడిచి అచ్చుడెందుకు?”

ప్రేమతోనే అంది.

నిన్న బుధవారం ఎండ తగ్గాక, నాలుగు ముప్పావుకు మళ్లీ పోయాను. వాకిట్లో బైకు ఉంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. అలసి వచ్చిన మనిషి పడుకుని ఉంటాడు. గొళ్లెం మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

వచ్చే సోమవారం నుంచి అతనిది రెండో షిఫ్టు. ఒంటిగంటకు పోతే అర్ధరాత్రి దాటాక గానీ రాడు. సాయంత్రం ఆమె ఒక్కతే ఉంటుంది, అన్నానికి తొందర ఉండదు. ఆ ఇంటికి నేను ఈ వారం రెండుసార్లు అడగకుండా పోయాను. మూడోసారి ముందే అడుగుతాను, రావచ్చునా అని. ఆమె ఏదో ఒకటి చెప్పేదాకా గుమ్మంలో నిలబడతాను. ఇవాళ గురువారం.